అప్‌డేట్: అంబు బ్యాగ్ నొక్కినా ఛాతీ లేవట్లేదని అడిగాను కదా

బెంగళూరులో పారామెడిక్ కోర్సు. మానికిన్‌కి (ప్రాక్టీస్ బొమ్మకి) అంబు బ్యాగ్, అంటే మాస్కు ద్వారా ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే చేతి సంచి, నొక్కితే ఛాతీ లేవకుండా పొట్ట ఉబ్బుతోందని, అడ్రినలిన్ డోసు కూడా చెప్పమని అడిగాను. జవాబిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. ఇప్పుడు ఛాతీ చక్కగా లేస్తోంది.

నాలుక వెనక్కి జారి గాలి దారి మూయకుండా నోట్లో పెట్టే గొట్టం, గూడెల్ ఎయిర్‌వేని నోటి మూల నుంచి దవడ కోణం దాకా పెట్టి కొలవాలి. చిన్నదైతే నాలుకను ఇంకా వెనక్కి నెడుతుంది. గ్యాగ్ రిఫ్లెక్స్ (గొంతులో ఏదైనా తగిలితే ఓకరింపు రావడం) ఉంటే అసలు పెట్టకూడదు, వాంతి అవ్వొచ్చు.

అసలు కిటుకంతా పట్టులోనే ఉంది. మాస్కును ముఖం మీదకి అదమడం కాదు, దవడనే మాస్కులోకి ఎత్తాలి. బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద. మిగతా మూడు వేళ్లూ దవడ ఎముక మీదే ఉండాలి. గడ్డం కింద మెత్తటి చోట నొక్కితే నాలుక పైకి లేచి దారి మూసుకుపోతుంది. ఇద్దరుంటే ఒకరు రెండు చేతులా మాస్కు పట్టుకోవడమే మేలు.

బ్యాగ్ మొత్తం పిండేయకూడదు. పెద్దవాళ్లకి 500–600 మి.లీ. చాలు, సెకను పాటు నిదానంగా. నాడి ఉంటే 6 సెకన్లకోసారి. గట్టిగా, గబగబా పిండితే గాలి పొట్టలోకే.

అడ్రినలిన్: 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే ఆంపూల్. అనాఫిలాక్సిస్‌లో (ప్రాణాపాయమైన అలర్జీలో) పెద్దవాళ్లకి 0.5 మి.లీ. తొడ కండరంలోకి, గుండె ఆగితే 1 మి.గ్రా. సిరలోకి, 3–5 నిమిషాలకోసారి. నాడి ఉన్న మనిషికి ఆ 1 మి.గ్రా. డోసు సిరలోకి వెళ్తే బీపీ ఒక్కసారిగా పెరిగి, గుండె లయ తప్పుతుంది.