కాయిల్‌లోకి వచ్చే గాలి ముందే చల్లగా ఉంటే సామర్థ్యం ఎంత తగ్గుతుంది?

అందరికీ నమస్కారం. ఒక లెక్క దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. అనుభవం ఉన్నవారు దారి చూపించండి.

నా దగ్గరున్న చిల్డ్ వాటర్ కాయిల్ (లోపల చల్లని నీరు తిరుగుతూ, తన మీదుగా వెళ్లే గాలిని చల్లబరిచే గొట్టాల వరుసలు) సామర్థ్యం 20 కిలోవాట్లని పట్టికలో ఉంది. వచ్చే గాలి డ్రై బల్బ్ (మామూలు థర్మామీటరు చూపే అంకె) 27, వెట్ బల్బ్ (మొనకు తడి దూది చుట్టిన థర్మామీటరు చూపే అంకె) 19 డిగ్రీలు, నీరు 7 దగ్గర వచ్చి 12 దగ్గర వెళ్లే పరిస్థితికి ఇచ్చిన అంకె అది. నాకు వచ్చే గాలి మాత్రం 22 డిగ్రీలే. థర్మామీటరు మొనకు తడి దూది చుట్టి గాలికి ఎదురుగా పెడితే 15.4 దగ్గర నిలిచింది. గాలి పరిమాణం, నీటి ప్రవాహం మారలేదు.

గాలికి నీటి సగటు 9.5 డిగ్రీలతో ఉన్న తేడా 17.5 నుంచి 12.5కు తగ్గింది. ఆ లెక్కన 71 శాతం, అంటే 14 కిలోవాట్లు రావాలి. ఎన్థాల్పీతో (తేమలోని వేడిని కూడా కలిపి గాలిలో ఉన్న మొత్తం వేడితో) చూస్తే గాలిది కిలోకు 54 కిలోజౌల్స్ నుంచి 43కు పడింది, 9.5 డిగ్రీల సంతృప్త (ఇక తేమ పట్టని) గాలిది 28. అప్పుడు 58 శాతమే, దాదాపు 11.5 కిలోవాట్లు.

కాయిల్ పూర్తిగా తడిగా ఉంటే రెండోదే సరైనదని నా నమ్మకం. ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే వేడినీ కాయిలే మోయాలి కదా. కానీ ఇప్పుడు డ్రెయిన్ గొట్టంలో ధార పోయి చుక్కలే మిగిలాయి. ఫిన్లను (కాయిల్ గొట్టాలకున్న పలుచని రేకులను) తాకి చూస్తే గాలి వచ్చే వైపు పొడిగా ఉంది, వెనుక వరుసల్లోనే తేమ. ఈ గాలి డ్యూ పాయింట్ (అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) సుమారు 11 డిగ్రీలు కాబట్టి అది సహజమే అనుకుంటాను.

ఇలా సగం తడి, సగం పొడిగా ఉన్న కాయిల్‌కు ఏ లెక్క వాడాలి? వరుసలవారీగా విడగొట్టాలా? పైగా ప్రవాహం అంతే ఉండి భారం తగ్గితే నీరు 12 కంటే చల్లగానే తిరిగి వెళ్లాలి, అప్పుడు 9.5 సగటు కూడా మారాలి కదా?