రష్యాలో ఎంబీబీఎస్: మెడికల్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు వ్యాయామం క్లాసు పూర్తిగా మాఫీ చేయాలా?

వోల్గాగట్టు:
రష్యాలో మన పిల్లలకు ఫిజ్‌కుల్తూరా, అంటే వ్యాయామం క్లాసు, తప్పనిసరి. 2 క్రెడిట్ల కింద 72 గంటలు, దానిపైన క్రెడిట్లు లేని 328 గంటలు. జచ్యోత్, అంటే పాసైనట్టు సంతకం, పడకపోతే అది బాకీగా మిగులుతుంది. ఆస్తమా ఉన్నవాడి స్ప్రావ్కా, అంటే మెడికల్ సర్టిఫికెట్, తీసుకుని సంతకం పెట్టేస్తే పోయేదానికి ఈ తిప్పలన్నీ దేనికి?

బీపీమిషన్:
స్ప్రావ్కా మాఫీ పత్రం కాదండీ, ఏ గ్రూపులో పడతారో చెప్పే కాగితం. ప్రధాన, సన్నాహక, ప్రత్యేక అని మూడు గ్రూపులు. ప్రత్యేకలో మళ్లీ 'ఎ', 'బి'. 'ఎ' వాళ్లకు క్లాసు ఉంటుంది, టైము పెట్టి పరుగెత్తించే నార్మ్స్ ఉండవు. 'బి' వాళ్లకు చికిత్సా వ్యాయామం, అదీ వైద్యుల పర్యవేక్షణలో. కొంతకాలం పూర్తిగా మానేయమనేది జ్వరం తగ్గాకో ఆపరేషన్ అయ్యాకో ఇచ్చే మినహాయింపు. ఏళ్ల తరబడి సెలవు చీటీ అనుకుంటే ఎలా?

చలిపులి:
కాగితం మీద అంతా బాగానే ఉంది. పిల్లలు తక్కువైతే 'ఎ' గ్రూపును మామూలు గ్రూపుతో కలిపేస్తారు. చలికాలంలో అందరినీ స్కీయింగ్‌కి తోలుతారు. చల్లటి పొడిగాలికి శ్వాసనాళాల్లో తడి ఆరి అవి బిగుసుకుంటాయి. పైగా ఆయాసం ముదిరేది పరుగులో కాదు, ఆగిన 5–15 నిమిషాలకి. అప్పటికి కోచ్ పక్క గ్రూపు దగ్గర ఉంటాడు. ఇలాంటి చోట మాఫీ అడగడం తప్పెలా అవుతుంది?

బీపీమిషన్:
అలా కలిపేసి చలిలోకి తోలడం తప్పే, ఒప్పుకుంటా. అడగాల్సింది మాత్రం మాఫీ కాదు, హాల్లో క్లాసు. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ 10–15 నిమిషాల ముందు, నిదానంగా వార్మప్, నాడి మొదట్లో నిమిషానికి 120–130 దాటకుండా. మైనస్ 6 పైన కళ్లజోడు ఉన్నవాళ్లయితే దూకుళ్లు, తల కిందికి వాల్చే ఆసనాలు, ఊపిరి బిగబట్టి బరువులెత్తడం వద్దు, రెటీనా (కంటి వెనక పొర) ఊడే ప్రమాదం ఉంది. నడక, తేలికపాటి ఈత దేనికి మానాలి?

లెక్కలమాస్టారు:
ఎంత తట్టుకుంటారో రుఫియే పరీక్షతో అంచనా కట్టొచ్చు. 5 నిమిషాలు పడుకోబెట్టి 15 సెకన్ల నాడి లెక్కించాలి. 45 సెకన్లలో 30 గుంజీలు. వెంటనే మళ్లీ పడుకోబెట్టి మొదటి నిమిషంలో తొలి 15 సెకన్లు, చివరి 15 సెకన్లు లెక్కించాలి. మూడూ కూడి, 4తో గుణించి, 200 తీసేసి, 10తో భాగించాలి. 20, 38, 28 వస్తే 14.4. 15 దాటితే బలహీనం కింద లెక్క. కాఫీ తాగి నాలుగంతస్తులు ఎక్కొచ్చినవాడి మొదటి అంకె ఎప్పుడూ తప్పే. అన్నట్టు, ఇది ఆస్తమాను పట్టుకోదు, గుండె తీరు మాత్రమే చెబుతుంది.

చలిపులి:
మరి క్లాసుకు బదులు రాయించే వ్యాసం, రెఫెరాత్? ఇంటర్నెట్‌లోంచి దింపిన 15 పేజీలకు సంతకం పడిపోతోందిగా.

బీపీమిషన్:
అది ఉత్త దండగ. రాయించాలంటే వాడి జబ్బు మీదే రాయించాలి: ఏ కదలికలు పనికొస్తాయి, ఏవి కూడదు, ఎందుకు. అందులో పది చేసి చూపించాలి. రేపు రోగులకు చెప్పాల్సింది అదేగా.

వోల్గాగట్టు:
ఇండియా సర్టిఫికెట్ సరిపోతుందా?

లెక్కలమాస్టారు:
దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. రష్యన్ అనువాదం నోటరీ చేయించి, అక్కడి పాలీక్లినిక్‌లో చూపించి, గ్రూపు రాయించుకుని, సెమిస్టర్ మొదట్లోనే డిపార్ట్‌మెంట్‌లో ఇవ్వాలి. గ్రూపు తేలేదాకా క్లాసుకెళ్లి పక్కన కూర్చున్నా హాజరు పడుతుందేమో అడగండి. సెమిస్టర్ చివర్లో తెచ్చిన కాగితం వెనకటి గైర్హాజరును చెరపడం కష్టం, ఆత్రబోత్కాలు, అంటే పోయిన క్లాసులకు బదులు చేయాల్సినవి, మీద పడతాయి. బాకీ తీర్చుకోవడానికి చట్టం ఇచ్చేవి రెండే అవకాశాలు, ఏడాదిలోపు. రెండోది కమిషన్, అంటే పరీక్షించే అధ్యాపకుల బృందం, ముందు. జబ్బుతో పడుకున్న రోజులు ఆ ఏడాదిలో లెక్కకు రావు, కాబట్టి ఆస్పత్రి కాగితాలు పారేయొద్దు. రెండూ పోతే పేరు కొట్టేస్తారు, వీసా కూడా దానితోనే.

చలిపులి:
వ్యాయామం బాకీకి డాక్టరు చదువు పోవడమేంటండీ! ఈ నిబంధన మీద నా అభిప్రాయం మారదు.