చికిత్సా గృహంలో బిహేవియరల్ హెల్త్ టెక్నీషియన్ ఉద్యోగం: మంగళసూత్రం తీసేయాలా?

ప్రశ్న (చాండ్లర్, అరిజోనా)

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి నాలుగేళ్లయింది. పని చేసుకునే అనుమతి పోయిన నెలలోనే చేతికి వచ్చింది. విశాఖలో చదివిన సైకాలజీ ఎం.ఏ. ఇన్నాళ్లూ పెట్టెలోనే ఉంది. ఇప్పుడు మా ఇంటికి దగ్గరలో పది పడకల చికిత్సా గృహంలో బిహేవియరల్ హెల్త్ టెక్నీషియన్‌గా తీసుకుంటామన్నారు. మానసిక సమస్యలు, మత్తు అలవాట్లు ఉన్న పెద్దవాళ్లు కొన్ని వారాలపాటు అక్కడే ఉంటారు. వారానికి మూడు రోజులు, రోజుకు పన్నెండు గంటలు.

మావారు "ఇంత చదివి ఆయా పనా?" అంటున్నారు. అత్తగారికి ఇంకా చెప్పలేదు. అసలు రోజంతా చేసే పని ఏమిటి? ఎవరైనా మీదికి వస్తే ఏం చేయాలి? మూడోది చిన్న విషయమే కానీ నన్ను ఎక్కువగా తొలుస్తోంది. మెడలో గొలుసులేవీ ఉండకూడదన్నారు. మంగళసూత్రం కూడానా?

జవాబు 1 (మెసా, రాత్రి షిఫ్టు, ఆరేళ్లుగా)

అవునండీ, మంగళసూత్రం కూడా. పెనుగులాటలో ముందు చేతికి చిక్కేది మెడలోదే. గుర్తింపు కార్డు తాడు కూడా లాగితే ఊడిపోయే రకమే ఇస్తారు. మొదటి వారం నేను సూత్రాలను చొక్కా లోపల దాచి, జారకుండా పిన్నీసు పెట్టుకుని వెళ్లాను. లోపలికి తీసుకెళ్లకూడని వస్తువుల జాబితాలో ఆ పిన్నీసు కూడా ఉంది! ఇప్పుడు దేవుడి గదిలో పెట్టి వెళ్లి, వచ్చాక స్నానం చేసి వేసుకుంటాను. వీడియో కాల్‌లో నా బోసి మెడ చూసి మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "ఆపరేషన్ గదిలో నర్సమ్మలు కూడా తీస్తారట కదా" అని ఆవిడే సర్దుకున్నారు.

ఇక పని. చూడటం, లెక్కపెట్టడం, రాయడం. భోజనం తర్వాత ఫోర్కులు లెక్కపెడతాం, గడ్డం గీసుకున్నాక రేజర్లు లెక్కపెడతాం. మా దగ్గర రాత్రిపూట ప్రతి పదిహేను నిమిషాలకు ఒకసారి ప్రతి గదీ చూసి రావాలి. టార్చి వెలుగు ముఖం మీద పడకుండా నేల మీద వేసి, దుప్పటి కింద ఛాతీ లేచి దిగడం చూడాలి. మూడు ఊపిరులు కనబడేదాకా నేను గుమ్మం వదలను. ఓపియాయిడ్ (హెరాయిన్, ఫెంటానిల్ లాంటి మత్తుమందు) మోతాదు మించిన మనిషి కూడా గురకపెట్టి నిద్రపోతున్నట్టే ఉంటాడు మరి. చలికాలంలో రెండు రగ్గులు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన గుమ్మంలో నిలబడినంతసేపు నేను ఏ గుడిలోనూ నిలబడలేదు. దానికి విరుగుడుగా ముక్కులో కొట్టే నలోక్సోన్ మందు ఎక్కడుందో మొదటి రోజే చూసుకోండి. 2023 నుంచి అది చీటీ లేకుండానే మందుల షాపుల్లో దొరుకుతోంది. నా చేతిసంచిలోనూ ఒకటి ఉంటుంది.

మందులు మనం "ఇవ్వం". సీసా మీద పేరు సరిచూసి అందిస్తే వాళ్లే తీసుకుంటారు. మింగారో లేదో, నాలుక కింద దాచారేమో చూసి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి రాస్తాం. ఏ మందు ఎందుకని అడిగితే నర్సుకు చెప్పాలి. మీ ఎం.ఏ. అడ్డొచ్చేది ఇలాంటి చోటే. నా మొదటి నోటులో "కోపంగా ఉన్నారు" అని రాస్తే సూపర్‌వైజర్ తిప్పి పంపింది. "తలుపు రెండుసార్లు గట్టిగా వేశారు. భోజనానికి పిలిస్తే తర్వాత అన్నారు" అని రాయాలట. విసుగొచ్చింది కానీ, ఆవిడ చెప్పిందే సరి.

మీదికి రావడం మీరు అనుకున్నంత తరచుగా ఉండదు. ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకు, చేయి చాస్తే అందనంత దూరంలో, తలుపుకు అడ్డం రాకుండా నిలబడాలి. మీ చేతులు వాళ్లకు కనబడుతూ ఉండాలి. గొంతు తగ్గించాలి. "ఎందుకు అరుస్తున్నారు?" అని అడిగామా, అరుపు ఇంకా పెరుగుతుంది. ఊరుకోవడం వచ్చినవాళ్లే ఈ పనిలో నిలబడతారు. నాకు అది రావడానికి ఏడాది పట్టింది.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒకావిడ మూడు రోజులు ఏమీ తినకపోతే మనసు ఆగక ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్లాను. అందులో వేరుశనగలు ఉంటాయి కదా. ఆవిడకు పడవని ఫైలులో ఎర్ర అక్షరాలతో ఉంది. డబ్బా మూత తీయకముందే పక్కనున్న అమ్మాయి చూసింది కాబట్టి సరిపోయింది. తినిపించి, నాలుగు మంచి మాటలు చెబితే మనిషి కుదుటపడుతుందనే మన అలవాటును గుమ్మం బయట వదలాలి. మంగళసూత్రం తీయడం కంటే నాకు ఇదే కష్టమైంది.

ఆయా పని అంటారా? వాంతులు కడిగాను, పక్క దుప్పట్లు మార్చాను. మీవారితో మీరే తేల్చుకోండి.

జవాబు 2 (టెంపీ)

చేరేముందు ఆ చోటికి లైసెన్సు ఉందో లేదో రాష్ట్ర ఆరోగ్యశాఖ వెబ్‌సైటులో చూడండి. 2023 మేలో అరిజోనా ప్రభుత్వం, మెడికెయిడ్‌కు (పేదల వైద్యఖర్చు భరించే ప్రభుత్వ పథకానికి) దొంగ బిల్లులు పెట్టారన్న ఆరోపణలతో ఇలాంటి కేంద్రాలు చాలావాటికి చెల్లింపులు ఆపేసింది. చికిత్స పేరుతో ఎక్కువగా మోసపోయింది స్థానిక అమెరికన్ తెగలవారు. అప్పుడు నేను పనిచేస్తున్న చోట రెండు జీతాలు ఎగ్గొట్టారు. రాత్రి ఎంతమంది సిబ్బంది ఉంటారు, ఎన్నాళ్లు పక్కన ఉండి నేర్పిస్తారు అని ఇంటర్వ్యూలోనే అడగండి. నీళ్లు నమిలితే ఆ ఉద్యోగం వద్దు.

అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. లైసెన్సు చూశాను, ఉంది. ఇంకొక్క సందేహం. అక్కడికి మన తెలుగువాళ్లెవరైనా వస్తే? ఈ ఊళ్లో అందరూ అందరికీ తెలిసినవాళ్లే.

జవాబు 1 (మెసా)

వస్తారు. మీవారికి కూడా చెప్పకూడదు. శిక్షణలో మొదట చెప్పే 1996 నాటి హిపా (రోగుల వివరాల గోప్యత) చట్టం ఉన్నది అందుకే. తెలిసినవారైతే లోపల సూపర్‌వైజర్‌కు చెప్పి, ఆ మనిషి బాధ్యత వేరొకరికి అప్పగించమని అడగండి. బయట ఎదురైతే వాళ్లు పలకరించేదాకా మనం పలకరించకూడదు. ఏ గుడో, ఎప్పుడో చెప్పను కానీ, ఒకసారి ప్రసాదం వరుసలో నా ముందు నిలబడ్డవారిని వెనక నుంచే గుర్తుపట్టి తల దించుకున్నాను. ఆవిడే వెనక్కి తిరిగి, పక్కన వాళ్లాయన ఉండగా, "ఈ ఊరికి కొత్తగా వచ్చారా?" అని అడిగింది.

"అవునండీ" అన్నాను.