19 సెంటీమీటర్ల వాన: ప్రకృతి విపత్తా, మన నిర్వాకమా?

నాలా పక్కిల్లు:
గట్టి వాన పడ్డ ప్రతిసారీ "వాతావరణం మారిపోయింది, ఎవరేం చేస్తారు" అనేస్తున్నారు. నేను ఒప్పుకోను. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 20.45 సెం.మీ. పడితేనే "అత్యంత భారీ". 2020 అక్టోబర్ 13 నుంచి 14 ఉదయం దాకా హైదరాబాద్ బేగంపేటలో పడింది 19 చిల్లర. ఆ గీతే దాటలేదు, అయినా కాలనీలకు కాలనీలు మునిగాయి. చెరువులను, నాలాలను (వాననీటి కాలువలను) కబ్జా చేయడమే కారణం అంటాను. అదే వారంలో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది.

మబ్బుల లెక్క:
అన్నా, బేగంపేట ఒక్కటే హైదరాబాదా? అప్పుడే ఘట్‌కేసర్ వైపు 32 సెం.మీ. పడింది. కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం నేరుగా మన మీదికొచ్చింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోస్తుంది, కురిస్తే కుండపోతే. కబ్జాలే కారణమంటే, 1908లో మూసీ వేలమందిని ఎలా పొట్టన పెట్టుకుంది?

నాలా పక్కిల్లు:
1908 తర్వాత ఏం చేశారో కూడా చెప్పండి. నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. వాళ్లు నీళ్లకు చోటిచ్చారు, మనం ఉన్న చోటు గుంజుకున్నాం. వానలు ముదురుతున్నాయని నేనూ నమ్ముతాను. అలాంటప్పుడు నాలాలు వెడల్పు చేయాలి గానీ, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) లోపల ఇళ్లకు అనుమతులిస్తారా?

అడ్డా కూలీ:
మీరిద్దరు నీళ్ల కాడనే ఆగిండ్రు. ఎండ సంగతేంది? వడగాడ్పు అని చెప్పాలంటే 40 దాటి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుండాలె, లేకుంటే 45 తాకాలె. మే నెలల మనకు మామూలే 39, 40. అంటే 42ల స్లాబు పోసేటోనికి లెక్క ప్రకారం వడగాడ్పు లేనట్టే. రాత్రి ఇంటికొస్తే రేకులు ఇంకా కాలుతుంటయి, నిద్ర పట్టది, పొద్దుగాల మళ్ల పని. 2015ల ఆంధ్ర, తెలంగాణ కలిపి రెండు వేల మందికి పైన పోయిండ్రు. ఎండకు పడిపోయినోని కాయితం మీద "గుండె ఆగింది" అని రాస్తే ఆ లెక్కల కూడ రాడు. తీవ్రమా కాదా అన్నది మీటరు చూసి కాదు, పనిచేసేటోన్ని చూసి చెప్పాలె.

మబ్బుల లెక్క:
ఈ విషయంలో మీ వైపే. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా పని ఆపాలన్న సలహా ఏటా ఇస్తారు కదా, మీ దగ్గర ఆపుతారా?

అడ్డా కూలీ:
ఆ నాలుగు గంటల కూలి ఎవరన్న కట్టిస్తే ఆపుతం అన్నా. మేస్త్రీ కట్టియ్యడు.