అప్‌డేట్: పాత మట్టిమిద్దెలో కట్టెలతో వెచ్చదనం

అనంతపురం దగ్గరి మా ఊళ్లో, సందుల్లోంచి గాలి దూరే పాత మట్టిమిద్దెను ఈ చలికి కట్టెల పొయ్యితో ఎలా వెచ్చగా ఉంచుకోవాలని అడిగాను. సలహాలిచ్చిన పెద్దలందరికీ కృతజ్ఞతలు.

తలుపు కింద గోనెసంచి చుట్టి పెట్టి, దూలాల పక్కన గోడ పగుళ్లను వరిపొట్టు కలిపిన ఎర్రమట్టితో మెత్తిన తర్వాత చలి చాలావరకు తగ్గింది. తేమ 20 శాతం లోపున్న కట్టెలే బాగా మండుతాయని, పచ్చికట్టెల వేడిలో చెప్పుకోదగ్గ భాగం వాటిలోని నీటిని ఆవిరి చేయడానికే పోతుందని మీరు చెప్పినది అక్షరాలా నిజం. నిరుడు కొట్టి ఎండబెట్టిన సర్కారు తుమ్మ మొద్దులు చివర్లు పగుళ్లిచ్చి, ఒకదానికొకటి తాటిస్తే ఖంగుమంటున్నాయి; వాటి నిప్పు చాలాసేపు నిలుస్తోంది, పొగ కూడా తక్కువే.

పొగ బయటికి పోయేందుకు మిద్దె కప్పులో ఉండే కంతను, అంటే గవాచిని మాత్రం మూయలేదు. రాత్రికి నిప్పులను కుంపటిలో ఎత్తి అవ్వ మంచం కింద పెట్టమన్న సలహాను నేను ఒప్పుకోలేను, ఎందుకంటే బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, తలుపులు మూసిన గదిలో అది నిద్రలోనే ప్రాణం తీయగలదు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. మేము పడుకునే ముందు నిప్పులన్నీ బయటికి తీసి, నీళ్లు చల్లి, అవ్వకు రెండు గొర్రెబొచ్చు కంబళ్లు కప్పుతున్నాము.