కుళాయి ఫిల్టర్ నుంచి నీళ్లు సన్నగా వస్తున్నాయి, ఎవరికైనా ఇలా అయిందా?

పటమట వాసి: వంటింటి కుళాయికి బిగించే చిన్న ఫిల్టర్ రెండు నెలల కిందట కొన్నాను. మొదట్లో ధార బాగానే ఉండేది. ఇప్పుడు చెంబు నిండాలంటే మూడు నిమిషాలు. పైగా కుళాయి మూతి దగ్గర బొట్లు బొట్లుగా కారుతోంది. లోపల మార్చుకునే వడపోత ముక్క, అదే క్యాట్రిడ్జ్, ఆరు నెలలు వస్తుందని డబ్బా మీద రాసుంది. మాది పై అంతస్తు, విజయవాడ.

భవానీపురం: ఆ ఆరు నెలలు మన నీళ్లు చూసి రాసింది కాదండీ! కృష్ణలో వరద నీరు వస్తున్న రోజుల్లో మా క్యాట్రిడ్జ్ నలభై రోజులు నిలిస్తే గొప్ప.

బ్రాడీపేట, గుంటూరు: తొందరపడి కొత్తది కొనకండి. నేనలాగే రెండు కొన్నాను. లోపలి క్యాట్రిడ్జ్ తీసేసి, ఖాళీ ఫిల్టర్ బిగించి కుళాయి తిప్పండి. ధార వస్తే తప్పు క్యాట్రిడ్జ్‌ది. అప్పుడూ సన్నగానే ఉంటే, కుళాయికి తగిలించే చోట ఉండే చిన్న జల్లెడ విప్పి చూడండి. మాకు అందులో ఇసుక, పైపు తుప్పు పెచ్చులు దొరికాయి. ఇంకోటి, పై అంతస్తు అన్నారు కదా. ట్యాంకు నుంచి కుళాయికి పది మీటర్ల ఎత్తుంటే సుమారు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. మీకు మూడు మీటర్లే అనుకోండి, 0.3 బార్. ఫిల్టర్‌కి కనీసం ఎంత కావాలో డబ్బా మీదే ఉంటుంది, చూడండి.

పటమట వాసి: తీసి చూశానండి. క్యాట్రిడ్జ్ లేకుండా ధార బాగుంది. తెల్లగా ఉండాల్సిన పీచు టీ డికాషన్ రంగులో ఉంది, వేలితో రాస్తే జిగురు. బ్రష్‌తో కడిగి మళ్లీ పెట్టేయొచ్చా?

గుణదల: పైన పీచు కడిగినా లోపలి కార్బన్ తిరిగి కొత్తదవదు. సిరామిక్ రకమైతే వేరు, దాన్ని మెత్తగా రుద్దుకోవచ్చు. కొత్తది పెట్టాక మొదట వచ్చే నల్లటి నీళ్లు చూసి కంగారు పడకండి, బొగ్గు పొడి అది. తేరేదాకా సింకులోకి వదిలేయండి. మా ఆవిడ ఆ నీళ్లతోనే పప్పు కడిగి నన్ను తిట్టింది.

కొరిటెపాడు: మాది బోరు నీళ్లు. ఫిల్టర్ పెట్టినా, నీళ్లలో కరిగినవి ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటర్‌లో అంకె మారడం లేదు. పాడైనట్టేనా?

బ్రాడీపేట, గుంటూరు: కాదండీ. కార్బన్ వాసన, క్లోరిన్ తగ్గిస్తుంది. నీళ్లలో కరిగిన ఉప్పులు దానికి దొరకవు, వాటికి ఆర్వో కావాలి. మీటర్ చూపించి ఆర్వో అమ్మేవాళ్లకి ఈ మాట చెబితే నచ్చదు లెండి.

సింగ్ నగర్: 2024 సెప్టెంబరు వరద తగ్గాక మేం పాత క్యాట్రిడ్జ్ పారేసి, ట్యాంకు, సంపు కడిగించి బ్లీచింగ్ వేయించాం. అలాంటప్పుడు ఈ చిన్న ఫిల్టర్‌ని నమ్ముకోకూడదు, కాచుకోవాల్సిందే. పటమట వారూ, మీ ట్యాంకు మూత తీసి ఎన్నాళ్లయింది?

పటమట వాసి: అడిగారూ, దొరికిపోయాను. ఇవాళ ఎక్కి చూస్తే అడుగున నాలుగు వేళ్ల మందాన బురద! కడిగించాకే కొత్త క్యాట్రిడ్జ్ పెట్టాను, చెంబు గబగబా నిండుతోంది. బొట్లు మాత్రం ఆగలేదు, టెఫ్లాన్ టేపు మూడు చుట్లు చుట్టినా.

గుణదల: టేపు తీసేయండి. అక్కడ నీళ్లు ఆపేది మరలు కాదు, లోపలి రబ్బరు వాషర్. అది ఒక పక్కకి జరిగో, అంచు తెగో ఉంటుంది. పాతది చేత్తో పట్టుకెళ్లి హార్డ్‌వేర్ షాపులో అదే సైజు అడగండి. చేత్తోనే బిగించండి, పట్టకారు వద్దు.

పటమట వాసి: వాషర్ అంచు తెగింది, నిజమే. మార్చాను. గంట నుంచి కింద పొడి గుడ్డ పెట్టి చూస్తున్నా, ఇంకా తడవలేదు.