అప్‌డేట్: రెయిడ్ 5 నుంచి రెయిడ్ 10కు మారాను

నాలుగు 4 టీబీ హార్డ్ డిస్కులతో నా లినక్స్ డెస్క్‌టాప్‌లో ఏర్పాటు చేసుకున్న సాఫ్ట్‌వేర్ రెయిడ్ 5లో (ఒక డిస్కు పాడైనా డేటా పోకుండా పలు డిస్కులను ఒకటిగా వాడే పద్ధతి) పెద్ద ఫైళ్లు బాగానే కాపీ అవుతున్నా, వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్లు) నడిపేటప్పుడు మాత్రం రాసే వేగం ఎందుకు పడిపోతోందని ఇంతకుముందు అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మీరు సూచించినట్లు ముందుగా స్ట్రైప్ క్యాష్‌ను (డిస్కులకు రాసే డేటాను తాత్కాలికంగా ఉంచే మెమరీని) 256 ఎంట్రీల నుంచి 4096 ఎంట్రీలకు పెంచాను. నాలుగు డిస్కులకు కలిపి అది 64 ఎంబీ మెమరీ తీసుకుంది. పెద్ద ఫైళ్ల విషయంలో వేగం మెరుగుపడింది గానీ అసలు ఇబ్బంది తీరలేదు. కారణం ఇప్పుడు స్పష్టంగా అర్థమైంది. రెయిడ్ 5లో ఒక చిన్న బ్లాకును మార్చాలంటే సాధారణంగా పాత డేటాను, పాత ప్యారిటీని (డిస్కు పాడైతే డేటాను తిరిగి లెక్కకట్టడానికి ఉంచే అదనపు సమాచారాన్ని) చదివి, ఆపై కొత్త డేటాను, కొత్త ప్యారిటీని రాయాలి, అంటే ఒక్క మార్పుకు డిస్కులపై నాలుగు పనులు జరగాలి. డేటాకు రెండేసి ప్రతులు ఉంచే రెయిడ్ 10లో రెండుసార్లు రాస్తే సరిపోతుంది.

అందుకే డేటా మొత్తాన్ని విడి డిస్కులకు కాపీ చేసి, ఆ ఫైళ్లు సరిగ్గా తెరుచుకుంటున్నాయని నిర్ధారించుకున్న తరువాతే రెయిడ్ 10ను కొత్తగా నిర్మించాను. వాడుకోగల చోటు 12 టీబీ నుంచి 8 టీబీకి తగ్గింది. వర్చువల్ మెషీన్లు ఇప్పుడు నడుస్తున్న తీరు చూస్తే ఆ నష్టం నాకు సమ్మతమే.

ఒక డిస్కును కావాలనే విఫలమైనట్లు గుర్తించి పరీక్షించాను. పని ఆగలేదు, దాన్ని ఖాళీ చేసి తిరిగి చేర్చాక పునర్నిర్మాణానికి దాదాపు 8 గంటలు పట్టింది. పొరపాటున చెరిపిన ఫైలు రెయిడ్‌లోని రెండు ప్రతుల నుంచీ ఒకేసారి పోతుంది కాబట్టి, ఆ విడి డిస్కులను బ్యాకప్‌గా అలాగే ఉంచుతున్నాను.